ఇంట్లో గుయ్యిమనే మోత ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడం ఎలా

రాత్రి అందరూ పడుకున్నాక, టీవీ ఆపేశాక, ఎక్కడో గుయ్యిమని ఒకటే మోత. పగలు వినబడదు. ఇంట్లో ఇంకొకరిని లేపి అడిగితే ‘నాకేం వినబడట్లేదే’ అంటారు. గోడకు చెవి ఆనిస్తే గోడలోంచి వస్తున్నట్టు ఉంటుంది, దిండు మీద తల పెడితే దిండులోంచి వస్తున్నట్టు ఉంటుంది. దీన్ని ఎలా పట్టుకోవాలని చాలామంది అడుగుతూనే ఉన్నారు కాబట్టి మొత్తం వరసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఈ మోతను చెవితో వెతకొద్దు, స్విచ్చుతో వెతకండి. లావు శబ్దం, అంటే తక్కువ శ్రుతిలో ఉండేది, ఎటునుంచి వస్తోందో మన చెవులకు సరిగ్గా తెలియదు. 100 హెర్ట్జ్ శబ్దం, అంటే సెకనుకు వందసార్లు కంపించేది, ఒక్కో అల దాదాపు 3.4 మీటర్ల పొడవుంటుంది, మన రెండు చెవుల మధ్య ఉన్నదేమో జానెడు దూరం. పైగా గోడలకు తగిలి వెనక్కొచ్చే అలలు కలిసి గదిలో ఒకచోట మోత గట్టిగా, ఒక్క అడుగు పక్కన అసలు లేనట్టుగా చేస్తాయి. మూలల్లో, గోడల దగ్గర ఎక్కువ వినబడుతుంది. అందుకే అందరూ గోడను అనుమానిస్తారు.

మా ఇంట్లో అది పడగ్గదిలో బీరువా వెనక నుంచి వస్తున్నట్టే ఉండేది. బీరువా జరిపాం, లోపలున్నవన్నీ తీశాం, వెనక గోడంతా తడిమాం. చివరికి దొరికింది రెండు గోడల అవతల, వంటగదిలో. ఫ్రిజ్ వెనక కంప్రెసర్ నుంచి పైకి వెళ్ళే సన్నటి రాగి గొట్టం పక్కనున్న రేకు ఫ్రేముకు వెంట్రుకవాసి దూరంలో ఉండి, కంప్రెసర్ తిరిగినప్పుడల్లా దానికి తగులుతోంది. వేలి కొసతో ఆ గొట్టాన్ని కొంచెం ఇవతలికి లాగి పట్టుకుంటే మోత ఠక్కున ఆగింది, వదిలితే మళ్ళీ మొదలైంది. పెన్సిల్ అంత లావు కూడా లేని గొట్టం అది.

కావలసినవి

ఒక నోటుపుస్తకం, టార్చి, చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్, మూరెడు పొడవు కర్ర లేదా అట్టగొట్టం, నాలుగు మడతలు వేసిన గుడ్డ లేదా రబ్బరు ముక్క, ఫోన్. ఫోన్‌లో శబ్దాన్ని గ్రాఫ్‌లా చూపించే యాప్ ఒకటి వేసుకోండి. స్పెక్ట్రాయిడ్, ఫైఫాక్స్ రెండూ ఉచితమే. అన్నిటికంటే ముఖ్యం, ఇంకో మనిషి సాయం. ఒకరు స్విచ్ దగ్గర, ఒకరు మోత వినబడే చోట ఉంటే గంటలో అయ్యే పని, ఒక్కరే అటూ ఇటూ పరిగెడితే మూడు రాత్రులు పడుతుంది.

1. మోత ఇంటిదా, చెవిదా తేల్చుకోండి

ఇది అడిగితే కొందరికి కోపం వస్తుంది, కానీ ఈ మెట్టు దాటేసి ఇల్లంతా విప్పుకున్నవాళ్ళున్నారు. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. మోత తగ్గితే బయటిది కావచ్చు. తగ్గకపోగా పెరిగినట్టు అనిపిస్తే చెవిలోనే పుడుతోందేమోనని అనుమానించాలి. వేళ్ళతో మాత్రం చెవులు మూసుకోవద్దు. వేళ్ళ కండరాల వణుకే లోపల గురగురమని వినబడుతుంది, దాన్నే మోత అనుకుంటారు.

తర్వాత, అదే రాత్రి వేళలో ఇంటికి బాగా దూరంగా, నిశ్శబ్దంగా ఉండే ఇంకో చోటికి వెళ్ళి పది నిమిషాలు కూర్చోండి. అక్కడా అదే శ్రుతిలో వినబడితే ఇంటిని వదిలేసి చెవుల డాక్టర్‌ను కలవండి. మోత మీ గుండె కొట్టుకునే లయలో వస్తుంటే ఇంకేమీ వెతక్కుండా ముందు డాక్టర్ దగ్గరికే వెళ్ళండి.

ఇంకో పరీక్ష కూడా ఉంది, కాస్త ఓపిక కావాలి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసి, స్పీకర్ కలిపి, మీకు వినబడే మోతకు దగ్గరగా ఉండే శబ్దాన్ని చిన్నగా పెట్టండి. మోత నిజంగా గాల్లో ఉంటే, రెండు శబ్దాలూ కలిసి ఉయ్యాల ఊగినట్టు పెరుగుతూ తగ్గుతూ వినబడతాయి. చెవిలో పుట్టేదానితో మామూలుగా ఆ ఊపు రాదు. చిన్న స్పీకర్లు అంత లావు శబ్దం సరిగ్గా పలకవు కాబట్టి, ఊపు రాలేదని వెంటనే తీర్పు చెప్పేయకండి.

2. రెండు మూడు రోజులు టైం రాసుకోండి

ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఏ గదిలో ఎక్కువ, అప్పుడు ఇంట్లో ఏమేం నడుస్తున్నాయి. ఇంతే. రాయబుద్ధి కాదు, కానీ సగం కేసులు ఈ కాగితం మీదే తేలిపోతాయి.

కాసేపు మోగి, ఆగి, మళ్ళీ మోగుతుంటే ఫ్రిజ్, ఏసీ, ప్రెషర్ పంపు లాంటివి. రోజంతా ఒకే తీరులో ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వస్తువు ఏదో. ఎవరైనా కుళాయి తిప్పినప్పుడో, టాయిలెట్ ఫ్లష్ చేసిన తర్వాతో వస్తే నీళ్ళ లైను. ఫ్యాన్ స్పీడ్ తగ్గించినప్పుడే వస్తే రెగ్యులేటర్. గాలి వీచిన రోజే వస్తే బయట ఏదో గొట్టమో, తీగో, కిటికీ సందో.

‘రాత్రే వస్తోంది’ అని రాసుకున్నవాళ్ళు ఒక్కసారి ఆలోచించండి. రాత్రే వస్తోందా, లేక రాత్రి మాత్రమే వినబడుతోందా? పగటి రొదలో కలిసిపోయే మోత రాత్రికి బయటపడుతుంది. మధ్యాహ్నం కిటికీలన్నీ మూసి, ఫ్యాన్లు ఆపి, మోత గట్టిగా వినబడే మూలలో ఐదు నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది.

3. ఫోన్‌తో శ్రుతి కొలవండి

మోత గట్టిగా ఉన్న మూలలో ఫోన్‌ను ఏదైనా మెత్తటి గుడ్డ మీద పెట్టి వదిలేయండి. చేత్తో పట్టుకోవద్దు, ఛార్జింగ్‌లో పెట్టొద్దు. యాప్ సెట్టింగ్స్‌లో ఎఫ్‌ఎఫ్‌టీ సైజు (FFT size, శబ్దాన్ని ఎంత సన్నగా విడదీసి చూపాలో చెప్పేది) ఎంత పెద్దదుంటే అంత పెట్టండి, అప్పుడే 48కీ 50కీ తేడా కనబడుతుంది. అర నిమిషం ఆగి, కదలకుండా నిలబడ్డ శిఖరం ఏ అంకె దగ్గరుందో రాసుకోండి.

కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో సరిగ్గా 100 దగ్గర, దాంతోపాటు 200, 300 దగ్గర కూడా గీతలు కనబడితే ట్రాన్స్‌ఫార్మర్, చోక్, స్టెబిలైజర్, ఇన్వర్టర్ జాతి. 60 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట అది 120, 240 అవుతుంది. రెట్టింపు ఎందుకంటే లోపలి ఇనుప కోర్ కరెంటు ఒక్కో చక్రంలో రెండుసార్లు సాగి ముడుచుకుంటుంది. ఇక 50కి కొంచెం తక్కువగా, 47 నుంచి 49 మధ్యలో ఉంటే తిరిగే మోటార్ అని గట్టిగా అనుమానించవచ్చు. ఫ్రిజ్ కంప్రెసర్లు, నీళ్ళ పంపులు చాలావరకు ఇక్కడ పడతాయి. 24, 25 దగ్గరుంటే నిదానంగా తిరిగే మోటార్. అంకె మెల్లగా పైకీ కిందికీ జరుగుతుంటే స్పీడ్ మార్చుకునే ఇన్వర్టర్ రకం ఏసీనో ఫ్రిజ్జో చూడండి.

గ్రాఫ్‌లో ఏమీ కనబడలేదంటే మోత లేదని అర్థం కాదు. చాలా ఫోన్ల మైకులకు లావు శబ్దాలు సరిగ్గా అందవు. అలాగే ఏదో గీత కనబడిందని సంబరపడిపోకుండా, మోత వినబడని ఇంకో చోటికి ఫోన్ తీసుకెళ్ళి చూడండి. అక్కడా అదే గీత ఉంటే ఫోన్ సొంత గొడవ అది.

4. మెయిన్ ఆపేయండి

అసలు పని ఇదే. దీని ముందు చేసేవన్నీ తయారీ, తర్వాత చేసేవన్నీ దీని ఫలితాన్ని బట్టి.

ముందు జాగ్రత్తలు. ఇంట్లో ఎవరికైనా కరెంటుతో నడిచే ఆక్సిజన్ మిషన్ లాంటివి ఉంటే మెయిన్ ముట్టుకోవద్దు, నేరుగా ఐదో మెట్టుకు వెళ్ళి ఆ లైను వదిలి మిగతావి ఒక్కొక్కటే ఆపండి. కంప్యూటర్లు సరిగ్గా షట్‌డౌన్ చేయండి. టార్చి చేతిలో ఉంచుకోండి. ఫ్రిజ్ తలుపు తెరవకండి, అరగంటకు ఏమీ కాదు. తడి చేతులతో, తడి నేల మీద నిలబడి బోర్డు దగ్గరికి వెళ్ళొద్దు. స్విచ్చులు వేయడం, తీయడం మాత్రమే మన పని, డీబీ బాక్స్ (ఇంటి లైన్ల స్విచ్చులన్నీ ఉండే పెట్టె) మూత విప్పడం ఎలక్ట్రీషియన్ పని.

ఒకరు మోత గట్టిగా ఉన్నచోట కదలకుండా నిలబడాలి. మోత ఉన్నప్పుడే, బాగా వినబడుతున్నప్పుడే రెండోవారు మెయిన్ ఆపాలి. ఇన్వర్టర్ గానీ యూపీఎస్ గానీ ఉంటే దాన్ని విడిగా ఆపండి. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ అందుకుని, తను కూడా గుయ్యిమనడం మొదలుపెడుతుంది, ‘మెయిన్ ఆపినా మోత పోలేదు’ అని వీళ్ళు తేల్చేస్తారు.

ఆపాక పది నిమిషాలు ఉండండి. నిశ్శబ్దానికి చెవి అలవాటు పడాలి.

మోత ఆగిందా? ఒక్కసారి ఆగిందని నమ్మొద్దు. ఫ్రిజ్ దానంతటదే ఆగే సమయానికి మీరు మెయిన్ తీసి ఉండవచ్చు. పక్కింటి పంపు అదే నిమిషంలో ఆగి ఉండవచ్చు. మళ్ళీ వేయండి, మోత మొదలయ్యేదాకా ఆగండి, మళ్ళీ తీయండి. మూడుసార్లకు మూడుసార్లూ కలిస్తేనే లెక్క. వినే మనిషికి స్విచ్ ఎప్పుడు తీస్తున్నారో చెప్పకుండా, ‘ఇప్పుడు ఆగింది, ఇప్పుడు మొదలైంది’ అని వాళ్ళ చేత చెప్పించి, టైం రాసి చూసుకుంటే ఇంకా గట్టి రుజువు. ఏసీ నడుస్తుంటే మళ్ళీ వేసే ముందు కనీసం మూడు నిమిషాలు ఆగండి, కంప్రెసర్‌కు మంచిది.

మీ వీధి మొత్తానికి కరెంటు పోయిందనుకోండి, మంచం దిగి వెళ్ళి ఆ మూలలో నిలబడండి. ఇంత మంచి పరీక్ష మీరు సొంతంగా పెట్టుకోలేరు. ఊరంతా చీకటైనా మోత ఉంటే జనరేటర్, బ్యాటరీ, నీళ్ళు, గాలి, వీటిలో ఒకటి.

5. మెయిన్ ఆపితే మోత ఆగింది, అయితే

డీబీ బాక్స్‌లో ఒక్కో లైనుకు ఉండే చిన్న స్విచ్చులను, అంటే ఎంసీబీలను, అన్నిటినీ కిందికి దించి, మెయిన్ వేసి, ఒక్కో ఎంసీబీ పైకి లేపుతూ రండి. ఏది లేపినప్పుడు మోత వచ్చిందో ఆ లైను మీద ఏమేం ఉన్నాయో చూసి, ఒక్కొక్కదాని ప్లగ్గు పీకండి. రిమోట్‌తో ఆపడం చాలదు, స్టాండ్‌బైలో ఉన్నా లోపలి అడాప్టర్ నడుస్తూనే ఉంటుంది.

ఎక్కువగా దొరికే దొంగలు ఇవి:

ఫ్రిజ్. నాలుగు కాళ్ళూ నేలకు సమంగా ఆనకపోయినా, వెనక గోడకు తగులుతున్నా, పైన పెట్టిన సీసాలు ఒకదానికొకటి తగులుతున్నా మోత వస్తుంది. మోత ఉన్నప్పుడు పైనా పక్కలా అరచేత్తో గట్టిగా అదిమి చూడండి. శ్రుతి మారితే దగ్గర్లోనే ఉన్నారు. వెనక కంప్రెసర్ ఒళ్ళు కాలేంత వేడిగా ఉంటుంది, ఫ్యాన్ ఉంటే అది తిరుగుతుంటుంది. టార్చితో చూడండి, గొట్టాన్ని వంచాలనుకుంటే ప్లగ్గు తీసి, చల్లారాక, చాలా కొంచెమే కదపండి. అది విరిగితే గ్యాస్ పోతుంది. వంచడం కంటే మధ్యలో చిన్న రబ్బరు ముక్క దూర్చడం మేలు.

ఫ్యాన్ రెగ్యులేటర్. మెత్తగా తిప్పే రకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కరెంటు అలను కోసి పంపుతాయి, అందుకే తక్కువ స్పీడ్‌లో ఫ్యాన్ మోటారే గుయ్యిమంటుంది. ఫుల్ స్పీడ్ పెడితే మోత పోతుందా చూడండి. పోతే, మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం రెగ్యులేటర్ వేయించండి. ఎల్‌ఈడీ లైట్ డిమ్మర్లదీ ఇదే కథ.

పాత ట్యూబ్‌లైట్ల చోక్, స్టెబిలైజర్, డోర్‌బెల్ ట్రాన్స్‌ఫార్మర్, ఛార్జింగ్ అవుతున్న ఇన్వర్టర్. ఇవి చేసే చప్పుడు నిజానికి చిన్నదే, కానీ చెక్క అలమారాకో పలచటి గోడకో బిగించి ఉంటే ఆ చెక్కే స్పీకర్‌లా పనిచేస్తుంది. బిగింపుకీ గోడకీ మధ్య రబ్బరు వేస్తే చాలాసార్లు సరిపోతుంది.

అక్వేరియం గాలి పంపు, వాటర్ ప్యూరిఫయర్ పంపు, బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్. ఎగ్జాస్ట్ ఫ్యాన్ అయితే ముందు రెక్కల మీది దుమ్ము తుడవండి, ఒక పక్కే పేరుకుంటే తూకం తప్పుతుంది.

హోం థియేటర్, సౌండ్‌బార్. స్పీకర్లోంచే హమ్ వస్తుంటే వేరువేరు సాకెట్లలో ఉన్న వస్తువులన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి, తర్వాత కేబుళ్ళు ఒక్కొక్కటే పీకండి. ఎర్త్ పిన్ తీసేసే చిట్కా ఎవరు చెప్పినా చేయొద్దు, షాక్ కొడుతుంది.

డీబీ బాక్స్‌లోంచే, లేదా ఏదైనా స్విచ్‌బోర్డు లోంచే జిర్రుమని, చిటపటమని వస్తుంటే మాత్రం వెతుకులాట అక్కడితో ఆపండి. మూత వేడిగా ఉన్నా, కాలిన వాసన వచ్చినా, ప్లాస్టిక్ రంగు మారినా అది వదులైన కనెక్షన్. నిప్పు పుట్టేది అలాంటిచోటే. ఆ లైను ఆపేసి, అదేరోజు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. రేపు చూద్దాంలే అనుకోవద్దు.

6. మెయిన్ ఆపినా మోత ఆగలేదు, అయితే

నీళ్ళతో మొదలుపెట్టండి. ఇంటికి నీళ్ళొచ్చే మెయిన్ వాల్వ్ కట్టేసి పది నిమిషాలు వినండి. ఆగితే, వాల్వ్ తెరిచి ఒక్కో కుళాయి తిప్పి చూడండి, ఫ్లష్ ట్యాంకు మూత తీసి లోపలి ఫ్లోట్‌ను చేత్తో పైకెత్తండి. ఎత్తగానే మోత పోతే ఆ వాల్వ్ మార్పిస్తే సరి. కుళాయి కొంచెం తిప్పినప్పుడే మోగుతుంటే లోపలి వాషర్ అరిగి వణుకుతోంది. గోడకు ఆనుకున్న పైపులైతే చేత్తో పట్టుకోండి, వణుకు తెలుస్తుంది.

గ్యాస్ పైపు ఉన్న ఇళ్ళలో మీటర్ దగ్గరి రెగ్యులేటర్ కూడా మోగుతుంది. దాన్ని మీరు విప్పొద్దు, గ్యాస్ వాళ్ళకు చెప్పండి. వాసన కూడా వస్తుంటే స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి వెళ్ళి ఫోన్ చేయండి.

పగలు ఎండెక్కేకొద్దీ పెరిగే మోత గోడలోంచో పైకప్పు సందులోంచో వస్తుంటే తేనెటీగలేమో చూడండి. బయట గోడకు ఎక్కడైనా చిన్న కన్నం, దాంట్లోకి ఈగల రాకపోకలు కనబడతాయి. ఆ కన్నం మూసేయకండి, అవి ఇంట్లోకి దారి వెతుక్కుంటాయి. పట్టేవాళ్ళను పిలవాలి.

7. కర్రతో వినండి

అనుమానం ఒక గోడకో ఒక వస్తువుకో చేరాక మాత్రమే చెవికి పని. కర్ర ఒక కొన వస్తువుకు ఆనించి, రెండో కొన చెవి ముందున్న ఎముకకు ఆనించండి, చెవి కన్నంలో పెట్టొద్దు. ఒక్కో అడుగు జరుపుతూ వింటే వణుకు ఎక్కడ గట్టిగా ఉందో తెలుస్తుంది. కరెంటు బోర్డులకు, తిరిగే భాగాలకు ఇది వద్దు. తర్వాత అనుమానం ఉన్నచోట అదమండి, ఎత్తండి, మధ్యలో మడత గుడ్డ దూర్చండి. శ్రుతి మారిందంటే మోత పుట్టేది గానీ దాన్ని పెద్దది చేసేది గానీ అక్కడే ఉంది. ఈ రెండూ ఒకటి కాకపోవచ్చు, మా బీరువా లాగా.

8. ఇంటిది కాదని తేలితే బయటికి నడవండి

కిటికీ తెరిచి మూసి తీర్పు చెప్పేవాళ్ళు చాలామంది. తెరిస్తే పెరిగితే బయటిదే, సందేహం లేదు. కానీ మూస్తే పెరిగినట్టు అనిపించినా బయటిది కాదని చెప్పలేం. మూసిన కిటికీ సన్నటి శబ్దాలను ఆపినంతగా లావు శబ్దాలను ఆపలేదు, మిగతా రొద పోయి ఇదొక్కటే మిగిలి గట్టిగా వినబడుతుంది.

ఫోన్‌లో చూసిన అంకె గుర్తుపెట్టుకుని మేడ పైన, మెట్ల దగ్గర, లిఫ్ట్ రూం బయట, పంపుల గది బయట, పక్కింటివాళ్ళ ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వైపు, వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరం నుంచే, అదే అంకె దగ్గర శిఖరం పెరుగుతోందా చూస్తూ నడవండి. ట్రాన్స్‌ఫార్మర్ కంచె దాటొద్దు. ఈ శబ్దాలు చాలా దూరం కూడా ప్రయాణిస్తాయి. కెనడాలోని విండ్సర్‌లో జనం ఏళ్ళ తరబడి ఇలాంటి మోతతో నిద్రలేక బాధపడితే, వేళ్ళన్నీ నది అవతల అమెరికా వైపున్న జుగ్ ఐలాండ్ ఉక్కు కొలిమిల వైపు చూపించాయి. 2020లో ఆ కొలిములు ఆపాకే మోత ఆగిందని అక్కడివాళ్ళు చెప్పారు.

పక్కింటివాళ్ళతో మాట్లాడాల్సి వస్తే ‘మీ ఏసీ గోల భరించలేకపోతున్నాం’ అని మొదలుపెట్టకండి. మీరు రాసుకున్న టైములు చూపించి, ‘రెండు నిమిషాలు ఆపి వేస్తారా, నేను మా గదిలో నిలబడి ఫోన్‌లో చెబుతాను’ అని అడగండి. మూడుసార్లు కలిస్తే వాళ్ళకూ నమ్మకం కుదురుతుంది. అవుట్‌డోర్ యూనిట్ కింద రబ్బరు ప్యాడ్లు వేయడం పెద్ద పనేమీ కాదు.

9. బాగుచేశాక చూసుకోవడం

మొదట వినబడ్డ గంటలోనే, అదే మూలలో, అదే గుడ్డ మీద ఫోన్ పెట్టి మళ్ళీ కొలవండి. పాత గీత పూర్తిగా పోయిందా, తగ్గిందా? పూర్తిగా పోకుండా తగ్గి ఊరుకుంటే రెండో మూలం ఉందన్నమాట, ఇది మామూలే, పెద్ద మోత పోయాక దాని వెనక దాక్కున్న చిన్నది బయటపడుతుంది. అప్పుడు మళ్ళీ నాలుగో మెట్టు. పోయిందనిపించినా ఒక వారం టైములు రాస్తూనే ఉండండి. రబ్బరు ముక్కలు జారతాయి, ఫ్రిజ్ ఊడ్చేటప్పుడు జరుగుతుంది. మాకు ఎనిమిదో రోజు మోత తిరిగొచ్చింది. టార్చి వేసి చూస్తే గొట్టానికి పెట్టిన రబ్బరు కింద పడి ఉంది, ఈసారి దాన్ని దారంతో రెండు చుట్లు కట్టాం.